అచ్చాయమ్మ వీపు మీద నాలుగు చుక్కలు

నేను ఒక డబ్బాని. జానెడు కంటే పొట్టి, పిడికిలి కంటే కాస్త లావు. చూసినవాళ్ళు తేయాకు డబ్బా అనుకుంటారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు, నన్ను చేసినవాడు కూడా తేయాకు కోసమే చేశాడు. పుట్టింది ఉత్తర జపాన్‌లో, ఏడాదిలో నాలుగు నెలలు మంచు కురిసే ఒక చిన్న ఊళ్ళో. అక్కడ చెర్రీ చెట్ల బెరడు ఒలిచి డబ్బాలు చేస్తారు. చెట్టును నరకరు, పైపొర మాత్రం తీసుకుని వదిలేస్తారు. ఆ బెరడును తడిపి, జిగురు రాసి, కాల్చిన ఇనుముతో అదిమి గుండ్రంగా చుడతారు. అంటే పుడుతూనే నేను ఒంటి నిండా వాతలు తిన్నాను. అందుకే తరవాతి రోజుల్లో మనుషులు సగం బియ్యపు గింజంత నిప్పుకి కెవ్వుమంటుంటే నాకు నవ్వొచ్చేది.

నా మూత గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే నాకున్న గొప్ప అదొక్కటే. పైన పెట్టి వదిలేస్తే ఎవరూ నొక్కకుండానే మెల్లగా దిగి కూర్చుంటుంది. ఆ మూత చూసే మురాసే గారు నన్ను కొన్నారు.

మురాసే గారు ఒక రేవు పట్నంలో సూదుల వైద్యుడు. వెంట్రుకంత సన్నటి సూదులు వేసేవారు, నిప్పు కూడా పెట్టేవారు. ఆ నిప్పుకి కావలసిన సరుకే నాలో ఉండేది. దాన్ని అక్కడ మొగుస అంటారు. మీరు వినాయక చవితికి పత్రిలో వేసే మాచిపత్రి ఉందే, దాని దగ్గరి చుట్టం ఆకు. ఎండబెట్టి, తిరగట్లో విసిరి, జల్లించి, మళ్ళీ విసిరి, మళ్ళీ జల్లిస్తే చివరికి ఆకంతా పోయి లేత పసుపు దూది మిగులుతుంది. ఆ దూదిని చిటికెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి, గింజలా చేసి ఒంటి మీద నిలబెట్టి, అగరుబత్తితో అంటిస్తారు. చుర్రుమనే లోపే నలిపేస్తారు. అంతే సంగతి. అది జబ్బును తగ్గిస్తుందా అని నన్ను అడక్కండి. నేను డబ్బాని. తగ్గిందని దండం పెట్టినవాళ్ళనీ చూశాను, తగ్గలేదని మొహం చిట్లించుకుని వెళ్ళినవాళ్ళనీ చూశాను.

ఆయన పద్ధతి ఒకటుంది. రోగి ఒంటిని వేలితో తడిమి, నొప్పి దాక్కున్న చోటు పట్టుకుని, కుంచెతో నల్ల సిరా చుక్క పెట్టేవారు. తరవాత రోజూ నిప్పు పెట్టవలసింది ఆయన కాదు, ఇంట్లోవాళ్ళు. ఎవరి వీపు వాళ్ళకి అందదు కదా. అందుకని భార్య వీపు మీద భర్త, అత్త వీపు మీద కోడలు, అన్న వీపు మీద తమ్ముడు. ఏళ్ళ తరబడి మాటలు లేనివాళ్ళు కూడా ఆ పావుగంట ఒకరి వీపు ఒకరికి అప్పగించక తప్పేది కాదు. మంట పుట్టినప్పుడు నిజంగా మంట వల్ల అరిచారా, పాత కోపం వల్ల అరిచారా అన్నది మురాసే గారు ఎప్పుడూ అడగలేదు.

ఆయన దగ్గరికి చివరి రోజుల్లో హైమావతి వచ్చింది. రావులపాలెం పిల్ల. ఆ రేవు పట్నంలోని సూదుల వైద్య పాఠశాలలో చదువుకుంటూ సాయంత్రాలు ఈయన దగ్గర పని నేర్చుకునేది. ఆయన తన మోకాళ్ళ కింద చోటు చూపించి, ఇక్కడ పెట్టు అనేవారు. హైమ పెట్టిన నిప్పుకి ఆయన కాళ్ళ మీద ఎన్ని మచ్చలు పడ్డాయో ఆయనే లెక్క మర్చిపోయారు. చూపు మందగించి చుక్క నిలకడగా పెట్టలేని రోజు రాగానే వైద్యం మానేసి, నిండా మొగుస నింపి నన్ను ఆ అమ్మాయి చేతిలో పెట్టారు. ఇక్కడి విమానాశ్రయంలో అధికారులు నా మూత తీసి వాసన చూసి అనుమానపడ్డారు. వాళ్ళలో ఒకావిడ మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని, చవితి పూజ వాసనేస్తోందే అని నవ్వి వదిలేసింది.

రావులపాలెంలో హైమ ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టింది. జనం సూదుల డాక్టరమ్మ అనేవారు. నేను డాక్టర్ని కాదండీ అని ఆమె చెప్పేది, సరేనండి డాక్టరమ్మగారూ అని వాళ్ళు అనేవారు.

ఆషాఢం చివర్లో ఆత్రేయపురం నుంచి అచ్చాయమ్మ వచ్చింది, కోడలు రత్నాన్ని వెంటబెట్టుకుని. అచ్చాయమ్మ ముప్పై ఏళ్ళుగా పూతరేకులు తీస్తోంది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి పాలు. గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగితే కాగితం కంటే పల్చటి రేకు తేలాలి. ఆ లాగుడంతా కుడి భుజంలో ఉంది. మూడు నెలల నుంచి ఆ భుజం బిగుసుకుపోయింది. చెయ్యి నడుము దాటి పైకి లేవదు. జుట్టు ముడి కూడా కోడలే పెట్టాలి. అంతకంటే అవమానం ఆమెకి ఇంకొకటి లేదు.

కొడుకు కొబ్బరికాయల లారీ మీద తిరుగుతాడు, వారానికోసారి ఇంటికొస్తే గొప్ప. ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరే. కుండ ముందు ఇప్పుడు రత్నం కూర్చుంటోంది. కాపరానికొచ్చి ఏడాది. రేకు తీస్తే చిరిగిపోతుంది, లేకపోతే మందంగా వస్తుంది. అత్త వెనక నుంచుని చూస్తుంటే చెయ్యి ఇంకా వణుకుతుంది. రేకులు కొనే దుకాణదారు బుల్లిరాజుగారు మంచివాడే గాని, దసరా దాకా చూస్తానని, అప్పటికీ పాత రేకు రాకపోతే పని వేరే వాళ్ళకి ఇచ్చుకోవలసి వస్తుందని చెప్పేశాడు. ఆ ఇంటి పొయ్యి ఆ రేకుల మీదే నడుస్తోంది.

హైమ సూదులు వేసింది. తరవాత భుజం వెనక తడిమి తడిమి నాలుగు చుక్కలు పెట్టింది. రెండు నెలలు, రోజూ, చుక్కకి ఐదు గింజలు. రత్నానికి నేర్పింది. చుక్కలు చెరిగిపోక ముందే రోజూ వాటి మీదే దిద్దుకోమని మరీ మరీ చెప్పింది. నన్నూ, ఒక అగరుబత్తి కట్టనూ రత్నం చేతికిచ్చి పంపింది.

అలా నేను ఆత్రేయపురం చేరాను. మధ్యాహ్నం పొయ్యి ఆరాక అచ్చాయమ్మ పీట మీద కూర్చుని వీపు తిప్పేది. రత్నం నా మూత తీసేది. మొదటి రోజు గింజ చేయడానికే దానికి చెమటలు పట్టాయి.

“అదా గింజంటే? మినప్పిండి ముద్ద పెట్టావనుకున్నాను,” అంది అచ్చాయమ్మ.

ఆమె నోటికి నేను భయపడలేదు గాని, రత్నాన్ని చూస్తే జాలేసేది. రెండో వారానికి గింజలు చిన్నవయ్యాయి. మాటలు కూడా కొంచెం మెత్తబడ్డాయి. చెయ్యి రవ్వంత పైకి లేస్తోందని అచ్చాయమ్మే ఒకరోజు అంది.

శ్రావణ శుక్రవారం వచ్చింది. అత్తకి వీపు అందదు కాబట్టి తలంటు కూడా రత్నమే పోసింది. నూనె పట్టించి, సున్నిపిండితో గట్టిగా రుద్దింది. శుభ్రంగా చెయ్యకపోతే తిడుతుందని మరికాస్త గట్టిగా రుద్దింది. మధ్యాహ్నం వీపు చూసేసరికి చుక్కలు లేవు. పెట్టినవన్నీ వెంటనే నలిపేసిన చిన్న నిప్పులే కాబట్టి మచ్చ కూడా ఇంకా పడలేదు.

ఫోన్ తీసి హైమని అడిగితే అయిపోయేది. కాని పక్కనే అత్త కూర్చుని ఉంది. మొన్న పిండి పాలు ఒలకబోసినందుకూ, అంతకు ముందు కుండకి పగులు తెచ్చినందుకూ పడిన మాటలు రత్నం చెవుల్లో ఇంకా ఉన్నాయి. పెన్ను తీసుకుని, గుర్తున్నంతలో నాలుగు చుక్కలు పెట్టేసింది. రెండు వేళ్ళంత కిందకి పెట్టింది. నాకు కనిపిస్తూనే ఉంది. నాకు మూతే గాని నోరు లేదు. ఉన్నట్టయితే ఆ రోజు అరిచేదాన్ని.

మొదటి గింజ అంటుకోగానే అచ్చాయమ్మ భుజం కొంచెం కదిలింది. ఏమీ అనలేదు. తెలియలేదు కాబోలనుకున్నాను.

ఆ తరవాత ఆరు వారాలు నిప్పు అక్కడే పడింది. చెయ్యి లేచింది లేచినట్టే ఆగిపోయింది. కాని ఆ పావుగంట మాత్రం పెరుగుతూ పోయింది. అగరుబత్తి అయిపోయినా ఇద్దరూ లేచేవాళ్ళు కాదు. గుడ్డ ఏ మూల పట్టుకోవాలో, మంట ఎప్పుడు తగ్గించాలో అచ్చాయమ్మ అటు తిరిగే చెప్పేది. ఎదురుగా చెబితే తిట్టులా వినిపించే మాట, అటు తిరిగి చెబితే మామూలు మాటలా వినిపించేది. రత్నం వేళ్ళు గింజను తడబడకుండా నిలబెట్టడం నేర్చుకున్నాయి. పొద్దున్న కుండ ముందు కూడా చిరుగులు తగ్గాయి.

రెండు నెలలు నిండాక మళ్ళీ రావులపాలెం వెళ్ళారు. హైమ జాకెట్టు జరిపి చూసి ఆగిపోయింది. అప్పటికి అక్కడ నాలుగు గోధుమరంగు మచ్చలు పడి ఉన్నాయి. వాటికి రెండు వేళ్ళంత పైన నొక్కింది. అచ్చాయమ్మ పళ్ళు బిగించింది.

“నేను పెట్టిన చుక్కలు ఇవి కావు కదండీ. ఎవరు మార్చారు?” అని అడిగింది హైమ.

నన్ను పట్టుకున్న రత్నం చేతులు చల్లబడ్డాయి.

“నేనేనండి,” అంది అచ్చాయమ్మ. “పైన మంటగా ఉంటంటే కిందకి పెట్టమన్నాను. పిల్ల వద్దండి వద్దండి అంటానే ఉంది. నేనే ఇన్లేదు.”

హైమ ఇద్దరి మొహాలూ చూసింది. సరే అని, కుంచె తీసి పై చోటునే మళ్ళీ చుక్కలు పెట్టింది.

తిరుగు ప్రయాణంలో ఆటోలో వీళ్ళిద్దరే. నేను రత్నం ఒళ్ళో ఉన్నాను. కాలవ మీది లొల్ల లాకులు దాటాం.

“చుక్కలు మారాయని మీకు తెలుసాండి?” అంది రత్నం.

“నా వీపు నాకు తెల్దేంటే?”

“మరి చెప్పలేదేంటి అత్తయ్యా? చెబితే ఈపాటికి చెయ్యి వచ్చేసేదేమో కదా.”

అచ్చాయమ్మ కాలవ వైపు చూస్తూ విసుగ్గానే చెప్పింది.

“ఆ రోజే నీ చెయ్యి వణక్కుండా నిలబడింది. నాలుగూ ఒక్క వరసలో చక్కగా పెట్టావు. తప్పంటే మళ్ళీ వణికిపోద్ది. నా చెయ్యి వత్తే వత్తాది, లేపోతే లేదు. కుండ ముందు ఎవరో ఒకరి చెయ్యి నిలబడాలి గదా.”

రత్నం ఏడ్చింది. నా మూత తడిసింది. రెండు దేశాల్లో ఇన్ని వీపులు చూశాను గాని, ఇంత మంచితనాన్ని ఇంత విసుగ్గా చెప్పిన మనిషిని చూడలేదు. నాకు ఆమె మీద ఆ రోజు నుంచి చెప్పలేనంత గౌరవం.

దసరాకి నాలుగు రోజుల ముందు బుల్లిరాజుగారు వచ్చాడు. చుక్కలు సరైన చోట పడి పది రోజులే అయింది. అచ్చాయమ్మ చెయ్యి భుజం దాకా లేస్తోంది, అంతకు మించి లేదు. ఆయన కట్టలోంచి ఒక రేకు తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. అవతల ఉన్న గోడ కనిపించింది. మొహం విచ్చుకుంది.

“ఇదీ రేకంటే. చెయ్యి బాగైపోయినట్టేనా అచ్చాయమ్మగారూ?”

పని నిలబడాలంటే అవునంటే చాలు. నేను గూట్లోంచి వింటున్నాను.

“నాకింకా కాలేదండి,” అంది అచ్చాయమ్మ. “ఇయ్యి నాయి కాదు. మా కోడలు తీసింది.”

బుల్లిరాజుగారు రేకును మరోసారి చూసి, ఎవరు తీస్తే ఏంటండి, పండక్కి రెట్టింపు కావాలన్నాడు. లోపల కుండ ముందు రత్నం ఆ మాట విని, గుడ్డ పట్టుకున్న చెయ్యి అలాగే ఆపేసింది. కుండ మీది రేకు మాడి నల్లబడింది. ఆయన వెళ్ళగానే అచ్చాయమ్మ లోపలికొచ్చి ఆ రేకు చూసి, చెడామడా తిట్టింది.