తగ్గుతుందన్న మాట

సైన్సు టీచరు ఆ బడికి వచ్చిన నాలుగో ఏడు, ఎనిమిదో తరగతి పిల్లల చేత వాన తోట వేయించింది. బడి డాబా మీద పడిన నీళ్లన్నీ ఒక మూల గొట్టంలోంచి దూకి, సిమెంటు నేల మీదుగా పరుగెత్తి, గేటు దాటి, వాలులో ఉన్న కింది వీధికి పోయేవి. ఆ గొట్టం దగ్గర సిమెంటు పగలగొట్టించి, గుంట తీయించి, అడుగున కంకర, పైన ఇసుక కలిపిన మన్ను పోయించింది. నీళ్లు నిలవడానికి పైన జానెడు లోతు వదిలి, తడికీ ఎండకీ తట్టుకునే మొక్కలు నాటించింది. పరుగెత్తే నీటిని ఆపి నేలకు తాగించాలన్నదే పాఠం.

వరండా అంతా బురద చేస్తారని పెద్ద మేడం మొదట గునిసింది. ఊడ్చే ఆయా అయితే వారం రోజులు టీచరుతో మాట్లాడలేదు. పిల్లలకు మాత్రం పండిన చేనులో పడ్డ పిట్టల్లా ఒకటే సందడి.

అందరికంటే ఎక్కువ మన్ను మోసింది ఎందుకమ్మ. ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడుగుతుందని క్లాసంతా కలిసి పెట్టిన పేరది. వాళ్ల ఇల్లు కింది వీధిలో చిట్టచివరిది. గట్టి వాన పడితే గడప దాటి నీళ్లొస్తాయి. తల్లి బట్టలు కుడుతుంది. నాయనమ్మ మంచం దిగలేదు. మబ్బు పట్టిన రోజు పొద్దున్నే తల్లి పక్కింటాయన్ని పిలిచి, ఇద్దరూ చెరో వైపు పట్టి కుట్టు మిషనును బల్ల మీదికి ఎక్కించేవారు. ఇవన్నీ టీచరుకు తర్వాత తెలిశాయి.

ఆఖరి మొక్క నాటిన రోజు ఆ పిల్ల అడిగింది.

“టీచర్, ఇక మా ఇంట్లోకి నీళ్లు రావా?”

అప్పటికి గంట కొట్టేశారు. టీచరు చేతుల నిండా మన్ను, అవతల ఇంకో క్లాసు ఎదురుచూస్తోంది. “తగ్గుతాయమ్మా” అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. అందులో అబద్ధం లేదు. ఎంత తగ్గుతాయన్నది మాత్రం లెక్క వేయాలి. ఆ లెక్క వచ్చే వారం చెప్పాల్సిన పాఠం.

వాన వారం ఆగలేదు. మూడో రోజు మధ్యాహ్నం మొదలైంది. టీచరే పిల్లల్ని వరండాలోకి తీసుకొచ్చింది. గొట్టంలోంచి ధార దూకింది. గుంటలో నీళ్లు మొక్కల మొదళ్లు ముంచి, కాడలు ముంచి, పావుగంటలో అంచు దాకా వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్ద మేడం ఫోనుతో ఫొటోలు తీసుకుంది.

ఆ తర్వాత నీళ్లు అంచు దాటాయి. ఎప్పటిలాగే సిమెంటు నేల మీదుగా గేటు వైపు సాగాయి. ధార సన్నబడలేదు.

చప్పట్లు ఆగాక ఎందుకమ్మ టీచరు కొంగు పట్టుకుంది.

“అమ్మకి చెప్పేశాను టీచర్. ఈసారి మిషను ఎత్తక్కర్లేదని.”

 టీచరు పెద్ద మేడంతో ఒక్క ముక్క చెప్పి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వానలోనే బయల్దేరింది. కింది వీధి మొదట్లో నీళ్లు మడమల దాకా ఉన్నాయి. చివరి ఇంటికి చేరేసరికి మోకాళ్లకు వచ్చాయి.

లోపల తల్లి మిషనును ఒక్కతే లేపబోయి, లేవక, అలాగే పట్టుకుని నిలబడి ఉంది. పక్కింటాయన పనికి వెళ్లిపోయాడట. మిషను కింద బిగించిన మోటారు అప్పటికే మునిగిపోయింది. కత్తిరించి పెట్టిన గుడ్డముక్కలు గది నిండా తేలుతున్నాయి. మంచం మీద నాయనమ్మ కాళ్లు ముడుచుకుని, ఒడిలో దారపు ఉండల డబ్బా పెట్టుకుని కూర్చుంది.

ముగ్గురూ కలిసి మిషనును పైకెత్తారు. టీచరు బిందె తీసుకుని నీళ్లు వాకిట్లోకి పోయడం మొదలుపెట్టింది. పోసిన బిందెడూ పోసినట్టే గడప మీంచి వెనక్కి వస్తోంది. పది బిందెలు పోశాక తల్లి ఆమె చేతిలోంచి బిందె తీసేసుకుంది.

“వద్దు టీచరమ్మా. వాన ఆగితే గానీ ఇది పోదు.”

టీచరు తప్పు తనదేనని చెప్పబోయింది. ఆమె చెప్పనివ్వలేదు.

“నీరు పల్లమెరుగు. మీరు మాత్రం ఏం చేస్తారు? మా పిల్ల సంతోషంగా చెబితే, నేనే నమ్మాలనుకున్నాను.”

తిట్టి ఉంటే బాగుండేదని టీచరుకు చాలా రోజులు అనిపించింది.

బడిలో గుంట మర్నాడు సాయంత్రానికల్లా చుక్క లేకుండా ఇంకిపోయింది. తోట బ్రహ్మాండంగా పనిచేసిందని పెద్ద మేడం పై ఆఫీసుకు ఫొటోలు పంపింది. వాటిని ప్రదర్శనకు తీసుకున్నారని కబురొచ్చింది. మోటారును టీచరే దుకాణానికి పట్టుకెళ్లింది. తీగ చుట్ట మొత్తం పోయిందని, ఆ పాత రకానికి కొత్తది దొరకదని మెకానిక్ చెప్పాడు. కింది వీధి కాలువ వెడల్పు చేయమని ఆమె మునిసిపల్ ఆఫీసులో మూడు అర్జీలు ఇచ్చింది. మూడోసారి గుమాస్తా జాలిపడి కూర్చోమన్నాడు, ఆ ఫైలు తమ విభాగానిది కాదన్నాడు.

పాఠం మాత్రం చెప్పకుండా ఎలా ఉంటుంది? వారం తర్వాత బోర్డు మీద లెక్క వేసింది. డాబా ఐదు వందల చదరపు మీటర్లు, ఆ రోజు వాన ఏడు సెంటీమీటర్లు. డాబా మీద పడిందే ముప్పై ఐదు వేల లీటర్లు. గుంట పట్టేది ఐదు వేలు. బడి నేలంతా కలుపుకుంటే, పైన ఉన్న ఆఫీసులూ రోడ్లూ కలుపుకుంటే, అది సముద్రంలో కాకిరెట్ట. ఎందుకమ్మ ఆ అంకెలన్నీ గుండ్రటి అక్షరాలతో పుస్తకంలోకి ఎక్కించుకుంది. తలెత్తలేదు.

ఆ వానాకాలం పోయేలోగా ఇంకా నాలుగు వానలు పడ్డాయి. మబ్బు కమ్మిన రోజు టీచరు హాజరు తీసుకోగానే ఆ పిల్లను ఇంటికి పంపేసేది. సామాన్లు ఎత్తడానికి తల్లికి ఇంకో రెండు చేతులుంటాయని. అంతకు మించి ఏం చేయాలో ఆమెకు తోచలేదు. పిల్ల సంచి తగిలించుకుని, గొడుగు తెరిచి, గుంట పక్క నుంచే గేటు దాటి వాలులోకి దిగి వెళ్లేది.