సాంబ్రాణి వద్దన్న అమ్మవారు

పోయిన ఆషాఢంలో మా అత్తమ్మ లచ్చమ్మ బోనం ఎత్తలేకపోయింది. ఆస్తమాతో నాలుగడుగులు వేసేసరికి ఆయాసం. బల్కంపేట ఎల్లమ్మకు ఏటా తానే మోసే బోనాన్ని నా నెత్తిన పెట్టి, తను ఆటోలో వచ్చింది. "వచ్చే ఏడు సుత మొయ్యకపోతే నేనెందుకే దివ్యా?" అని ఆటోలోనే ఏడ్చింది. కన్నకొడుకు, అదే నా మొగుడి ముందు కూడా ఎన్నడూ కన్నీరు పెట్టని మనిషి!

డాక్టరు మందులు మార్చి, పంజాగుట్టలో ఫిజియోథెరపీ చేసే రవళి మేడమ్ దగ్గరికి పంపాడు, ఊపిరి వ్యాయామాలు నేర్చుకొమ్మని.

"అమీర్‌పేటల అన్నిటికీ కోచింగే అనుకున్న, పంజాగుట్టల ఊపిరికి సుతనా?" అంది అత్తమ్మ. అమీర్‌పేటలో మా ఇంటి చుట్టూ కోచింగ్ బోర్డులే మరి.

రవళి మేడమ్ నవ్వింది. "మందు మందే, ఇది ఇదేనమ్మా. ముక్కుతోని మెల్లగ పీల్చాలె. సాసర్ల చాయ్ ఊదినట్టు పెదాలు చుట్టి, ఇంకా మెల్లగ వదలాలె. గట్టిగ ఊదితే చాయ్ ఒలుకుతది."

ఇక చూడాలి మా అత్తమ్మ పట్టుదల! పొద్దున్నే బాల్కనీలో కూర్చుని లేని చాయ్‌ని ఊదేది. తర్వాత తలమీద ఖాళీ చెంబుతో మెట్లెక్కుతూ ఊదేది. నేను వెనకాలే ఉండి, "ఒలికింది అత్తమ్మా" అని ఏడిపించేదాన్ని.

ఈ ఆషాఢంలో డాక్టరు సరేనన్నాడు. అత్తమ్మ బోనమెత్తింది. ఇన్‌హేలర్ నా చేతిలోనే ఉంది.

గుడి వీధిలో డప్పులు, జనం, దుమ్ము. సగం దారిలో అత్తమ్మ ఆగిపోయింది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. దించుదామని చెయ్యి చాపితే కళ్లతోనే వద్దంది. కళ్లు మూసి, పెదాలు చుట్టి, "ఉఫ్..." అంటూ మెల్లగా ఊగసాగింది.

"అమ్మ ఒంటిమీదికొచ్చింది!" అని వెనకాల ఎవరో కేక పెట్టారు.

అంతే, కాళ్ల మీద బిందెలకొద్దీ నీళ్లు కుమ్మరించారు. ఒకాయన సాంబ్రాణి పొగ గుప్పుమనే గిన్నెతో పరుగెత్తుకొచ్చాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"పొగ తేకుండ్రి! దమ్ము బీమారున్నది ఆమెకు!" అని అరిచాను. డప్పుల్లో నా గోడు ఎవరికి వినబడుతుంది?

అత్తమ్మే కళ్లు తెరవకుండా చెయ్యి అడ్డంగా ఊపింది.

"అమ్మ సాంబ్రాణి వద్దంటున్నది!" అంటూ జనమే గిన్నెను వెనక్కి తోశారు. నేను ఇన్‌హేలర్ పట్టుకుని అత్తమ్మ పెదాలే చూస్తున్నాను. ఉఫ్... ఉఫ్... మెల్లమెల్లగా ఊపిరి కుదుటపడింది. నాకు ఏడుపొచ్చింది.

అంతలో ఒక తల్లి చంటిదాన్ని ఎత్తుకుని ఎదురుగా మోకరిల్లింది. "తల్లీ, నా బిడ్డకు ఆయాసం. ఎట్ల తక్కువైతది?"

అత్తమ్మ నా వంక ఓరగా చూసింది. తర్వాత అమ్మవారిలాగే గంభీరంగా పలికింది.

"పెద్ద డాక్టరుకు చూపియ్యి. ఆయన ఇచ్చిన మందు బంద్ పెట్టకు."

"అట్లనే తల్లీ!" అని ఆమె కాళ్లకు మొక్కింది.

గుడిలో బోనం తన చేతులతోనే దించి అత్తమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి నేను ఎల్లమ్మకూ, డాక్టరుకూ, రవళి మేడమ్‌కూ కలిపి ఒకటే దండం పెట్టాను.

ఇంటికొచ్చాక బోనం అన్నం కొంత డబ్బాలో సర్ది నా చేతిలో పెట్టింది.

"గిది పంజాగుట్టకు తీస్కపో. చాయ్ ఒలకలేదని చెప్పు."