సొరకాయ కూడా తిన్నది

కాకరకాయ వేపుడులో ఆ రోజు నరేందర్ రెండుసార్లు ఉప్పు వేశాడు. చేయి జారి కాదు, మరిచిపోయి కాదు, తెలిసి తెలిసి వేశాడు. వేసి, కంచంలో వడ్డించి, భార్య ఎదురుగా కూర్చుని ఆమె మొహంలోకే చూశాడు. కావ్య ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకుంది, నమిలింది, మింగింది. గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు.

"ఎట్లున్నది?" అన్నాడు.

"బాగుంది."

నరేందర్ తన కంచంలోంచి ఒక్క ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు. నాలుక ముడుచుకుపోయింది. కూరంతా పక్కకు నెట్టి పెరుగన్నంతో కానిచ్చాడు. ఆమె మాత్రం మెతుకు మిగల్చకుండా తిని, కంచం సింకులో పెట్టి, వెళ్లి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. ఇంట్లో వేరే కుర్చీలు లేనట్టు ఈమధ్య ఎప్పుడూ ఆ కుర్చీలోనే ఉంటోంది.

ఇది కావ్య చేసే పని కాదు. కావ్య అంటే వంక పెట్టడం. వాళ్లిద్దరి పరిచయమే ఒక వంకతో మొదలైంది. యూనివర్సిటీ క్యాంటీన్లో ఒక ప్రొద్దుటూరు పిల్ల గిన్నె పట్టుకుని కౌంటర్ దగ్గరికి పోయి, "సాంబారులో బెల్లమేసినోడు ఎవడన్నా? ఒకసారి చూపీ, మొహం గుర్తుపెట్టుకుంటా" అని నిలదీస్తుంటే, వెనక లైన్లో నిలబడ్డ నకిరేకల్ పిల్లాడు నవ్వాడు. ఆ నవ్వు పెళ్లి దాకా వచ్చింది. పెళ్లయి మొదటిసారి అత్తగారింటికి పోయినప్పుడు, అత్త కాశమ్మ ప్రేమగా పోసిన పచ్చిపులుసు గుటకేసి, "అత్తమ్మా, ఇది చారుకు చెల్లెలా, నీళ్లకు అక్కా?" అంది కొత్త కోడలు. ఇల్లంతా బిక్కచచ్చిపోతే కాశమ్మ ఒక్కతే పడీపడీ నవ్వింది. టీలో యాలకులు పడితే కావ్యకది కషాయం. ఆలుగడ్డ వేగాలిగానీ ఉడకగూడదు. ఇక సొరకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఆ ఇంటి గడప తొక్కడానికి వీల్లేదు.

నరేందర్ వంట అంతా అందాజా. హాస్టల్లో ఉన్నప్పుడు ఇస్త్రీపెట్టె తిరగేసి దానిమీద ఆమ్లెట్ వేసిన ఘనుడు. పొద్దంతా కెమిస్ట్రీ ల్యాబులో చుక్క తేడా వచ్చినా పిల్లల్ని కోప్పడే కాంట్రాక్ట్ లెక్చరర్, సాయంత్రం తార్నాకలో ఇంటికొచ్చి వంటింట్లోకి దూరాడంటే కొలతకూ అతనికీ చుట్టరికం ఉండదు. ఉన్నదేదో కోసి, తోచిందేదో చల్లి, దానికొక పేరు పెట్టి తెచ్చేవాడు. కావ్య రుచి చూసి, "పేరు బాగుంది" అనేది. ఆ మాటతోనే అతనికి కడుపు నిండేది. మళ్లీ మర్నాడు పొయ్యి దగ్గరికి పోవాలనిపించేది కూడా ఆ మాట కోసమే.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున, కడుపులో కదలిక తెలియడం లేదని కావ్య అంది. సాయంత్రానికి అంతా అయిపోయింది. ఆడపిల్ల. ఆసుపత్రిలో తెల్లటి గుడ్డలో చుట్టి నరేందర్ చేతుల్లో పెట్టారు. కాసేపటికి మళ్లీ తీసుకున్నారు.

పుట్టకముందు బిడ్డ పేరు మీద ఏదీ కొనగూడదని రెండువైపుల పెద్దలూ గట్టిగా చెప్పారు. అన్నింటికీ పోట్లాడుకునే కడపా నల్లగొండా ఆ ఒక్కదానిలో ఏకమయ్యాయి. అందుకని ఆ ఇంట్లో ఒక జుబ్బా లేదు, ఉయ్యాల లేదు, గిలక్కాయ లేదు. పేరు కూడా అనుకోలేదు. తీసి చూసుకోవడానికీ, దాచుకోవడానికీ, కనీసం ఎవరికైనా ఇచ్చేయడానికీ ఏమీ లేదు. మనిషి ఏడవాలన్నా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కాబోలు, వాళ్లిద్దరూ ఏడవలేదు.

కావ్య తల్లి నాగమణి ఏడో నెలలోనే రెండు సంచుల నిండా పొడులూ పచ్చళ్లూ మోసుకుని వచ్చి ఉంది. అంతా అయ్యాక కూడా కొన్నాళ్లు ఉండి, కూతురికి మెత్తగా అన్నం వండి చారు పోసి పెట్టింది. ఒక రోజు వంటిల్లంతా కడిగి, డబ్బాలన్నీ సర్ది, ప్రొద్దుటూరు బస్సెక్కింది. ఎక్కే ముందు, "దాన్ని చూసుకో నాయనా" అంది అల్లుడితో. నరేందర్ సరేనన్నాడు. అతనికి తెలిసిన చూసుకోవడం వండిపెట్టడమే.

వండిందల్లా కావ్య తిన్నది. ఏది పెట్టినా "బాగుంది" అంది. మొదట్లో అతను పొంగిపోయాడు కూడా, పోనీలే మనిషి తింటున్నది కదా అని. తర్వాత్తర్వాత ఆ మాటంటేనే భయం పట్టుకుంది. ఆకలి రుచి ఎరగదంటారు. కావ్యకు ఆకలీ లేదు, రుచీ లేదు, కంచం ముందు పెడితే చేయి దానంతటది కదులుతోంది, అంతే. అందుకే అతను కూర పాడుచేయడం మొదలుపెట్టాడు. టీలో గుప్పెడు యాలకులు దంచి వేశాడు. ఆలుగడ్డ ఉడకబెట్టి పేస్టు చేశాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి "బాగాలేదు" అంటే చాలు, తన కావ్య లోపలెక్కడో ఉన్నట్టే. అనలేదు.

క్యాంపస్‌లో మనుషులు మంచివాళ్లే. డిపార్టుమెంటు మెట్ల మీద, గేటు దగ్గర, క్యాంటీన్లో, కనబడ్డవాళ్లంతా అడిగేవాళ్లు. పక్క ల్యాబులో పనిచేసే ఆత్రేయ ఐతే రోజూ తప్పకుండా, "వదిన ఎట్లుందన్నా?" అనేవాడు. "పర్వాలేదు" అనేవాడు నరేందర్. నువ్వెట్లున్నవని ఎవరూ అడగలేదు. అడగనందుకు అతనికి బాధ కూడా కలగలేదు. ఒకరోజు ల్యాబులో రంగు మారే చుక్క కోసం గాజుగొట్టం కింద ఫ్లాస్కు పట్టుకుని చూస్తున్నాడు. రంగు మారింది. అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు. "సార్, అయిపోయింది సార్" అని ఎవరో అమ్మాయి మెల్లగా అంది.

ఆ సాయంత్రమే అతను సొరకాయ కొన్నాడు.

తార్నాక సందు మొదట్లో కూరగాయల బండి పెట్టే సారలమ్మ ముక్కున వేలేసుకుంది. "ఏంది సారూ, సొరకాయనా? మేడం ముట్టదు గదా! ఒకనాడు పైసలొద్దు, ఊకెనే ఇస్తనంటె గూడ, ఇంట్లకు వొద్దన్నది."

"నాకే," అన్నాడు.

"మేడం మంచిగున్నదా? బజారుకే వస్తలేదు."

"మంచిగనే ఉన్నది."

సొరకాయను ఏ మసాలా లేకుండా నీళ్లలో ఉడికించి, పాలు పోసి, చప్పిడిగా దించాడు. వాసన చూస్తే తనకే వికారంగా ఉంది. కంచంలో పెట్టి, ఇదేమిటో ఆమెకు తెలియాలని పెద్దపెద్ద ముక్కలు పైకి కనబడేలా సర్దాడు. కావ్య ఒక్కొక్క ముక్కా తిన్నది.

"సొరకాయ," అన్నాడు నరేందర్, ఉండబట్టలేక.

"ఊఁ. బాగుంది."

నరేందర్ లేచి బాల్కనీలోకి పోయి నిలబడ్డాడు. కింద ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక తన్నుతున్నారు. ఇంక ఏం వండాలో అతనికి తెలియలేదు. భయం వేయాల్సిన చోట కూడా ఏమీ లేదు, మొద్దుబారిన పన్ను మీద నాలుక పెట్టినట్టుంది.

ఆదివారం వచ్చింది. ఇంట్లో కూరగాయలు నిండుకున్నాయి, కిందికి దిగి సారలమ్మకు జవాబు చెప్పే ఓపిక లేదు. పొద్దుటి అన్నం ఉంది, ఒక ఉల్లిగడ్డ, గుప్పెడు పల్లీలు, ఎండిపోబోతున్న ఒక నిమ్మకాయ. దాంతో ఏదో ఒకటి కలిపి పెట్టేద్దామనుకున్నాడు. ఇప్పుడు పాడుచేయాలనీ లేదు, బాగా చేయాలనీ లేదు. తీరా చూస్తే కారం డబ్బా ఖాళీ. అత్తగారి పొడుల సీసాలూ అడుగంటాయి. స్టూలెక్కి సజ్జ మీద వెతికితే, పెద్ద కుక్కర్ వెనకాల గోడకానించి ఒక స్టీలు డబ్బా దొరికింది. మూత మీద తెల్లగుడ్డ వేసి దారంతో గట్టిగా కట్టి ఉంది.

విప్పి వాసన చూశాడు. వెల్లుల్లి, మిరియం, శొంఠి. రంగు నల్లగా ఉంది. రాయలసీమ వాళ్లింట్లో పొడులకేం కొదవ, ఇదేదో నల్లకారం అయ్యుంటుంది, ఎక్కువైందని అత్తమ్మ పైన పెట్టి ఉంటుందనుకున్నాడు. బాణలిలో నూనె పోసి, పల్లీలూ ఉల్లిగడ్డా వేయించి, అన్నం వేసి, ఆ పొడి చెంచాల కొద్దీ చల్లి, దించి నిమ్మకాయ పిండాడు. పేరు పెట్టలేదు.

రెండు కంచాల్లో పెట్టి తెచ్చాడు. కావ్య ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆగిపోయింది.

నరేందర్ చూడలేదు. ఈసారి ఆశపడలేదు కాబట్టి చూడలేదు. ఎంతకీ చప్పుడు లేకపోయేసరికి తలెత్తాడు. ఆమె ముద్ద బుగ్గన పెట్టుకుని అతన్నే చూస్తోంది.

"ఇది యాడిది?"

"సజ్జ మీద ఉన్నది. స్టీలు డబ్బల. మీ నల్లకారమే గదా?"

కావ్య మింగింది. కష్టంగా మింగింది. "నిమ్మకాయ పిండినావా దీంట్లో?"

"ఆఁ."

"దీనికి పులుపు తగలగూడదు," అంది. "ఇట్లా చద్దన్నం వేయించి తినేది కాదు ఇది. వేడన్నంలో నెయ్యేసుకోని, మొదటి ముద్దలో తినాల. ఇది బాలింతకారం. బిడ్డ పుట్టినాంక నాకు పెట్టాలని మా అమ్మ ముందే దంచి తెచ్చింది."

నరేందర్‌కు అప్పుడు అర్థమైంది. బిడ్డకు ఏమీ కొనగూడదన్నారు, కొనలేదు. ఇది బిడ్డకు కాదు, తల్లికి, అందుకని ఇదొక్కటి మాత్రం ముందుగానే ఆ ఇంట్లోకి వచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున కూతురికి ఇది పెట్టడానికి నాగమణికి చేతులు రాలేదు. పారేయడానికీ రాలేదు. కుక్కర్ వెనకాల పెట్టి బస్సెక్కింది. అటువంటి దానిని తీసుకొచ్చి అతను పల్లీలతో వేయించాడు.

"నాకు తెల్వదు కావ్యా. నాకు నిజంగ తెల్వదు. ఇటియ్యి, పడేస్త..." కంచం తీయబోయాడు.

కావ్య కంచం వదల్లేదు. రెండు చేతులా పట్టుకుంది. "బాగాలేదు," అంది. "అస్సలు బాగాలేదు నరేందర్. నాశనం చేసినావు." అని కంచం మీదికి వంగి, ఏడుస్తున్నట్టు తనకే తెలియనట్టు, నోరు తెరుచుకుని ఏడ్చింది.

ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మాట. అది వస్తే తను నవ్వుతాననుకున్నాడు నరేందర్. ఇప్పుడేం చేయాలో తెలియక, తెలిసిన పనే చేశాడు. లేచి, బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టాడు. అన్నం ఉడికేదాకా ఆమె ఏడుపు వింటూ అక్కడే నిలబడ్డాడు. పొగలు కక్కే అన్నమూ, నెయ్యి గిన్నే, స్టీలు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

కావ్య మొహం తుడుచుకుంది. అన్నం మధ్యలో గుంట చేసి, పొడి వేసి, నెయ్యి పోసి, వేళ్లు కాలుతున్నా ఊదకుండా కలిపింది. ఒక ముద్ద తను తిన్నది. రెండో ముద్ద చేసి అతని ముందుకు చాచింది.

"నాకెందుకు? బాలింతలు తినేది గదా," అన్నాడు.

"బిడ్డను పోగొట్టుకున్నోళ్లకు వేరే ఏం చేసి తేలేదు మా అమ్మ. తిను."

తిన్నాడు. నెయ్యి వెనకాల నుంచి మిరియం ఘాటు మెల్లగా వచ్చి గొంతు పట్టుకుంది, ముక్కులోకెక్కింది, కళ్లలోకి దిగింది. ఘాటుకే అనుకున్నాడు మొదట. ఆసుపత్రిలో తెల్లగుడ్డలో బిడ్డ బరువు ఎంతుండిందో చేతులకు గుర్తొచ్చింది. పెద్ద బరువు కూడా లేదు. కుర్చీ పట్టుకుని నేల మీద కూలబడి, తల ఆమె మోకాలికి ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కావ్య ఎంగిలి చేయి పక్కకు పెట్టి, ఎడమ చేత్తో అతని తల నిమిరింది. కారం ఇంకా ఉంది, అన్నం ఇంకా ఉంది. ఒకరి తర్వాత ఒకరికి ముద్దలు పెడుతూనే ఉంది.

కంచం ఖాళీ అయ్యాక ముక్కు చీదుకుని, "మొన్న సొరకాయ కూడా బాగాలేదు," అంది.

"తెలుసు," అన్నాడు నరేందర్.