పెట్రోల్ మూత తాళంచెవి

సకల జనుల సమ్మె రోజులవి. మెదక్ డిపోలో బస్సులు కదలడం లేదు, మా కిరాయి కారుకు మాత్రం ఊపిరాడడం లేదు. అల్లాదుర్గ్ అనీ, శంకరంపేట అనీ, హైదరాబాద్ దవాఖానా అనీ ఒకటే పిలుపులు. మనిషన్నవాడు సంతోషించాలి కదా! మా ఆయన ఎల్లేష్ మాత్రం పొద్దున లేస్తే పెట్రోల్ ముల్లు చూస్తూ కూర్చునేవాడు.

"నిన్ననే నిండుగ పోయించిన. పాపన్నపేట పోయొచ్చేసరికి గింత దిగుతదా? గా అనూప్ గాడే తీస్తుండు."

అనూప్ మా డ్రైవర్. చర్చి వెనక గల్లీలో ఉంటాడు, నోట్లో నాలుక లేని మనిషి. భార్య నిస్సికి నెలలు నిండాయి. మేమిచ్చే జీతం మీదే ఆ ఇల్లు నడవాలి. నాకు నమ్మబుద్ధి కాలేదు గానీ, తగ్గేది కళ్లకు కనబడుతుంటే ఏమనను? నా కన్నూ అతని మీదే ఉండేది.

మా ఆయన పెట్రోల్ మూతకు తాళం వేయించి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. అయినా పెట్రోల్ తగ్గింది. "కింద పైపు నుంచి గుంజుతుండు" అన్నాడు. చివరికి ఒకరోజు వాకిట్లోనే నిలదీశాడు.

"తియ్యలేదని నీ యేసు మీద ఒట్టు పెట్టు. నమ్ముత."

"నేను తియ్యలేదన్నా. ఒట్టు మాత్రం పెట్ట. ఒట్టు పెట్టుకోవద్దని మా గ్రంథంల ఉంది. లేదంటే లేదు, గంతే."

"సూసినవా!" అని మా ఆయన నా వైపు తిరిగాడు. "తియ్యనోనికి ఒట్టంటే భయమెందుకు?"

నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనిపించింది. మా ఇండ్లలో కూరలో ఉప్పు వేశామా లేదా అన్నదానికి కూడా ఒట్టు పెడతాం. అనూప్ కారు తాళం అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

తర్వాత మా ఆయనే కారు నడిపాడు. పెట్రోల్ అట్లాగే తగ్గింది. అనుమానించడానికి మనిషి దొరక్క నా వైపు చూశాడు. నా ఒళ్లు మండిపోయింది!

ఒక పొద్దున ఆయన బండి స్టార్ట్ చేయగానే, అప్పుడే వేసిన నా ముగ్గు మీద వెనక గొట్టం నుంచి నల్లటి మసి పడింది. ముగ్గు ఇట్లా నల్లబడ్డప్పుడల్లా అనూప్‌ను తిట్టేదాన్ని. మరి ఇప్పుడు అనూప్ లేడే! ఎప్పటి నుంచి ఈ మసి, ఈ పెట్రోల్ తగ్గడం? మా తమ్ముడు బాబు ఈ కారును హైదరాబాద్ తీసుకుపోయి వచ్చినప్పటి నుంచి. వాణ్ణి పిలిచి కడిగేశాను.

"పికప్ కోసమక్కా" అని నసిగాడు. "ఇంజన్ కంప్యూటర్‌ల ప్రోగ్రామ్ మార్పిచ్చిన. గాలికి సరిపోయే దానికన్న పెట్రోల్ ఎక్కువ పోస్తది. మస్తు ఉరుకుతది. మిగిలింది కాలక పొగైతది."

"మరి అనూప్‌ను దొంగ అన్ననాడు నీ నోరేమైందిరా?"

"బావ కొడతడని..."

సిగ్గులేనోడు! పాత ప్రోగ్రామే పెట్టించుకురమ్మని వాణ్ణి అప్పటికప్పుడే తరిమాను. మా ఆయన చొక్కా తొడుక్కుని చర్చి వెనక గల్లీకి నడిచాడు. నేనూ వెంట పోయాను.

"తప్పయింది తమ్మీ. రేపట్నుంచి రా" అన్నాడు గుమ్మం ముందు నిలబడి. "మళ్ల నిన్ను అనుమానిస్తే మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్లు వద్దన్నా" అన్నాడు అనూప్ మెల్లగా. "ఆ తాళంచెవి ఇయ్యుండ్రి, చాలు."

మా ఆయన చెయ్యి నడుముకున్న మొలతాడు దాకా పోయింది. చాలాసేపు అక్కడే తడుముకున్నాడు.

"ముడి వస్తలేదు. రేపిస్త."

"ముడి వచ్చిననాడు పిలువుండ్రన్నా. వస్త."

నేను నిస్సిని కత్తెర అడిగాను.