'మి'తో మొదలయ్యే పాట

సబ్బు రాసిన తువ్వాలుతో కొమాకి వీపు తోముతూ తమియొ మనసులో పాటలను ఒకదానికొకటి ముడివేసుకుంటోంది. ముసలాయన వీపు ఇప్పటికీ వెడల్పే. కుడి భుజం మాత్రం జారిపోయింది. కుడి చెయ్యి స్నానపు తొట్టి అంచు మీద ఎవరిదో అన్నట్టు పడి ఉంది. జపాన్ ఉత్తరాన హచినొహె రేవులో, స్క్విడ్ చేపలు పట్టే పడవల ఇంజన్లు చూసుకుంటూ బతికిన మనిషి. పక్షవాతం వచ్చాక నోట్లో ఒక్క మాట మిగిలింది. టీ కావాలన్నా 'అదీ', మోకాలు నొప్పన్నా 'అదీ'.

"నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయా కొమాకి గారూ?"

"అదీ."

"సరే, కాస్త చల్లనీళ్ళు కలుపుతాను."

ముసలివాళ్ళు పొద్దున వచ్చి సాయంత్రం ఇళ్ళకు పోయే కేంద్రం అది, తమియొ అక్కడ ఆయా. కొమాకికి ఇక్కడ ఈ రోజే ఆఖరు. ఆయన పరిస్థితి దిగజారిందని, ఇక ఈ చోటు సరిపోదని పై ఆఫీసులో కూర్చున్నవాళ్ళు ఆయన మొహమైనా చూడకుండా తేల్చేశారు. రేపు పొద్దున కారొచ్చి కొండల అవతలి వృద్ధాశ్రమానికి తీసుకుపోతుంది. అక్కడ కరోకే లేదు, పాటకు వెనక సంగీతం మోగించే యంత్రం. తమియొ ఫోన్ చేసి మరీ కనుక్కుంది.

కరోకే లేకపోతే ఏమవుతుందో పై ఆఫీసుకు తెలియదు. మాట పోయినా కొమాకికి ఒక పాట మిగిలింది. ఆయన పడుచుతనంలో రేడియోలన్నిటా మోగిన పాట, రేవు వదిలి వెళ్ళే పడవ గురించి. యంత్రంలో ముందు సంగీతం మొదలైతే చాలు, ఎక్కడా తడబడకుండా చివరిదాకా పాడేస్తాడు. సంగీతం లేకుండా పాడమంటే మళ్ళీ 'అదీ'యే. ఆ సంగీతం ఆయనకు తలుపు తీసిపెట్టాలి.

గురువారం మధ్యాహ్నం ఇక్కడ పాటల అంత్యాక్షరి ఆడతారు. ఒకరు పాడిన పాట పేరు ఏ అక్షరంతో ముగిస్తే, పక్కవాళ్ళు ఆ అక్షరంతో పేరు మొదలయ్యే పాట ఎంచుకోవాలి. 'న్'తో ఏ పాటా మొదలవదు కాబట్టి, పేరు 'న్'తో ముగిస్తే ఎంచుకున్నవాళ్ళు ఔట్. ఆట పేరుకే ఆట. ఎవరి పాట ఎవరి దగ్గరికి రావాలో స్నానాల గదిలోనే తమియొ కుదిర్చిపెడుతుంది. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి, ఎవరి చెవిలో ఏ పాట వెయ్యాలి అని పొద్దుటినుంచీ అదే పని. కొమాకి పాట 'మి'తో మొదలవుతుంది. కాబట్టి ఆయనకు ముందు కూర్చున్న ఫుసా అవ్వ 'మి'తో ముగిసే సముద్రం పాటే పాడాలి.

తమియొ మాత్రం ఎప్పుడూ పాడదు. పెళ్ళైన కొత్తలో చుట్టాల మధ్య ఒకసారి పాడితే, తుప్పు పట్టిన గిలక తిరిగినట్టుందన్నాడు మొగుడు. అందరూ నవ్వారు. ఆయన పోయి చాలాకాలమైంది. ఆ మాట మాత్రం పోలేదు. స్క్విడ్ ఎండబెట్టే కొట్టం మూతపడేదాకా అందులో పనిచేసి, నడివయసు దాటాక ఈ పని నేర్చుకుంది. చేతులకు ఇప్పటికీ ఆ ఉప్పు పగుళ్ళున్నాయి. ఎవరి పాట వాళ్ళ నోటికి అందించడమే తన పాట అనుకుంటుంది.

భోజనాల దగ్గర, మెత్తగా ఉడికించిన ముల్లంగి కూర ముందు పెడుతూ ఫుసా అవ్వ చెవిలో ఊదింది.

"అవ్వా, ఇవాళ సముద్రం పాట పాడాలి మరి."

"ఆ ఏడుపు పాటా? నాకు గొంతు బాలేదే."

"కొమాకి గారి కోసం."

చేపల బజారులో అరిచి అరిచి అరిగిన గొంతు అవ్వది. కొమాకి వంక ఒకసారి చూసి, పులుసు గిన్నె ఎత్తి గటగటా తాగింది. "పాడతాలే. ఆయన కోసమని మాత్రం చెప్పకు, ఎగిరిపడతాడు."

ఇంతవరకూ అంతా సరిగానే నడిచింది. అయితే ఈ నెలలోనే కొత్త మేనేజరు వచ్చాడు, షిబనుమ అని. నలభై నిండని మనిషి, చొక్కాకు మడత పడనివ్వడు, నవ్వు మొహం మీదినుంచి దిగనివ్వడు. ప్రకటన కాగితం కోసమని ఇవాళ ఫోటోగ్రాఫరును పిలిపించాడు. ఆట తనే నడిపిస్తానని మైకు చేతిలోకి తీసుకున్నాడు.

"రూలు చాలా సులువు. పాట పేరు మీ నోటితో మీరే చెప్పాలి. చెప్పలేకపోతే ఔట్. పక్కవాళ్ళు అందించకూడదు. అందరికీ ఒకే రూలు, అదే సమానత్వం!"

తమియొ చేతిలో పని వదిలేసింది. దగ్గరికెళ్ళి గొంతు తగ్గించి చెప్పింది. "సార్, కొమాకి గారికి మాట రాదు. ఆయన పాట పేరు నేను చెబుతాను."

"అలా ఒకరికి చేస్తే మిగతావాళ్ళు చిన్నబుచ్చుకుంటారు తమియొ గారూ."

చిన్నబుచ్చుకుంటారట! ఒకరి పళ్ళెంలో చేప ముళ్ళు ఇంకొకరు తీసిపెట్టే మనుషులు వాళ్ళు.

ఫుసా అవ్వ మాట నిలబెట్టుకుంది. బొంగురు గొంతుతో సముద్రాన్ని చివరిదాకా ఈదింది. 'మి' వచ్చింది. మైకు కొమాకి ఎడం చేతిలోకి వచ్చింది. ఆయన వీపు నిటారుగా అయింది, స్విచ్ నొక్కి మైకును గడ్డం కింద పెట్టుకున్నాడు. ఇంజను గదిలోంచి పైకొచ్చి గాలి పీల్చుకునే మనిషిలా ఉన్నాడు.

"పాట పేరు చెప్పండి కొమాకి గారూ!"

"అదీ..."

"పేరు?"

"అదీ. అదీ."

తమియొ ఉండబట్టలేక పేరు గట్టిగా చెప్పేసింది. షిబనుమ ఆమె వైపు చూసి, నవ్వు చెదరనివ్వకుండానే తల అడ్డంగా ఊపాడు. "అందించకూడదన్నాం కదా. అయ్యో, కొమాకి గారు ఔట్! అందరూ చప్పట్లు!"

ఫోటోగ్రాఫరు ఒక ఫోటో తీశాడు. కొమాకి నోరు తెరిచే ఉంది. బతుకంతా కష్టపడిన మనిషికి మిగిలింది ఒక్క పాట. దాన్ని కూడా ఇవ్వనన్నారు, పైగా చప్పట్లు కొట్టమన్నారు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు. మైకు తీసుకోబోతే కొమాకి వేళ్ళు వదల్లేదు. షిబనుమ రెండో మైకు తెప్పించి, ఆటను మళ్ళీ ఫుసా అవ్వ దగ్గరినుంచే మొదలుపెట్టాడు.

అవ్వ ఒక పాట పేరు చెప్పింది. అది 'న్'తో ముగుస్తుంది.

"అవ్వా, అది ఎంచుకుంటే మీరూ ఔట్ అవుతారు!"

"తెలుసులే బాబూ. ఔటైనవాళ్ళ పక్కన కూర్చుందామనే."

ఆమె తరువాతి పెద్దమనిషీ 'న్' పాటే ఎంచుకున్నాడు. ఆ తరువాత ఇంకో ఆవిడ. ఒకరొకరుగా కుర్చీలు జరుపుకుని కొమాకి చుట్టూ చేరారు. నిమిషాల్లో ఆట ఆడేందుకు ఒక్క మనిషి మిగల్లేదు. షిబనుమ యంత్రం ఆపి, గోడ గడియారం చూసి, అందరినీ కోట్లు వేసుకోమన్నాడు. కోట్లు తొడుక్కునే ఆ రెండు నిమిషాల్లో కొమాకి పాట వెయ్యొచ్చని అతనికి తోచలేదు. తోచినా వేసేవాడు కాదు.

ముసలివాళ్ళను వ్యానులో ఇళ్ళకు దించడమూ తమియొ పనే. కొమాకి ఇల్లు చివరిది. చలికోటు గుండీలు పెట్టుకుని వెనక సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. తమియొ గేరు విసురుగా మార్చింది. వెనక్కి వెళ్ళాక ఆ మేనేజరుతో ఏమనాలో దారి పొడుగునా మనసులో కూడబలుక్కుంది. నీకూ ఒకనాడు నోరు పడిపోతుంది, అప్పుడు నిన్నెవడు పేరు అడుగుతాడో చూస్తా అనాలనుకుంది.

"అదీ," అన్నాడు కొమాకి వెనకనుంచి.

"వచ్చేశాం కొమాకి గారూ. ఇంకో మలుపే."

రేవు దీపాలు కనబడగానే ఆ పాట ముందు సంగీతం తమియొ నాలుక చివరికి వచ్చింది. ఎన్ని గురువారాలు విందో, ప్రతి మెలికా తెలుసు. నోరు తెరిచింది. గిలక గుర్తొచ్చి మూసుకుంది.

"అదీ," అన్నాడు ఆయన మళ్ళీ, ఈసారి మెల్లగా.

గుమ్మం ముందు దింపి, ఆయనను చూసుకునే పొరుగింటావిడకు అప్పగించింది. ఆయన ఎడం చెయ్యి ఎత్తి ఊపాడు, లోపలికి వెళ్ళాడు. వెనక్కి వచ్చేసరికి మైకు ఒకటి కనబడటం లేదని షిబనుమ అల్మరాలన్నీ వెతికిస్తున్నాడు. సామాను మీద శ్రద్ధ ఉండాలి తమియొ గారూ అని ఆమెకే అంటగట్టాడు. దారంతా కూడబలుక్కున్న మాటలు పక్కన పెట్టి ఆమె కూడా అల్మరాలు వెతికింది.

మర్నాడు పొద్దున తమియొ వ్యాను తీసుకుని ముందు కొమాకి వీధికే వెళ్ళింది. దారి అటు కాదు, అయినా వెళ్ళింది. కొండల దారి కారు అప్పటికే వచ్చి వెళ్ళిపోయిందని పొరుగింటావిడ చెప్పింది. ఏమైనా అన్నాడా అని అడిగింది తమియొ. ఏమంటాడమ్మా, 'అదీ' అన్నాడు అంది ఆవిడ.

మిగతావాళ్ళను ఎక్కించుకోవాలి కదా అని తమియొ వ్యాను వెనక తలుపు తీసింది. కొమాకి కూర్చున్న సీట్లో, బెల్టు కింద నిలబెట్టినట్టు మైకు ఉంది. స్విచ్ వేసే ఉంది, దాని చిన్న పచ్చ దీపం ఇంకా వెలుగుతోంది.