ఓ హెచ్ ముందు గీత

బడిలో ఆఖరి రోజు చేయవలసిన పనులు ఇవి. ల్యాబు తాళంచెవి హెడ్మాస్టరుకు అప్పగించాలి. లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇవ్వాలి. పగలకుండా మిగిలిన పరీక్షనాళికలు కడిగి బోర్లించాలి. ల్యాబు కిటికీ రెక్క నిలబడేలా కొక్కెం వేయించమని ఆఖరిసారి అడగాలి. అనుభవ పత్రం మీద తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు చెన్నరాయప్ప చేత సంతకం పెట్టించుకోవాలి. పదో తరగతికి ఆల్కహాళ్ళ పాఠం ముగించాలి.

నాగజ్యోతి పళ్ళు తోముకుంటూనే ఇవన్నీ మనసులో వరసపెట్టుకుంది. వాకిట్లో ఆమె తల్లి మునిలక్ష్మమ్మ తడి గోనెపట్టా మీద కూర్చుని సంతకు పోవలసిన కొత్తిమీరను కట్టలు కడుతోంది.

"కడాసి దినం గదా జ్యోతీ. ఆ పట్టుచీర కట్టుకోని పోరాదా?"

"ల్యాబులో పట్టుచీరా? యాసిడ్ పడితే నువ్విస్తావా ఇంకొకటి?"

"నీమీద పడని యాసిడ్ యాడుంది? చెంగు చూడు, జల్లెడ మాదిరి ఉంది."

నాగజ్యోతి నవ్వి ఆ జల్లెడ చెంగు నూలుచీరే కట్టుకుంది. పొట్టి మనిషి. నలభై దాటింది. ఎడమ బొటనవేలి గోరు చుట్టూ సిల్వర్ నైట్రేటు మచ్చ ఎప్పుడూ నల్లగా ఉంటుంది. వానాకాలమైనా కాలి మడమలు పగిలే ఉంటాయి. గొంతు కొంచెం బొంగురు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమె. కృష్ణగిరిలో బీఎస్సీ చదువుతున్నప్పుడు ఆమె తెచ్చిన రసాయనశాస్త్రం పుస్తకాన్ని తల్లి చాలాకాలం దేవుని పటం పక్కనే పెట్టింది.

శాశ్వత పోస్టు ఖాళీగా ఉన్నన్నాళ్ళు తల్లిదండ్రుల సంఘం తరఫున పాఠం చెప్పే టీచరు ఆమె. ఆ ఖాళీ పదేళ్ళకు పైగా నిండలేదు. ఇప్పుడు నిండింది. రేపు పొద్దున కొత్త టీచరు వచ్చి చేరుతుంది. హోసూరులో ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు నాగజ్యోతిని తీసుకుంటామన్నారు. అయితే ఇన్నేళ్ళు ఇక్కడ పనిచేసినట్టు సంఘం అధ్యక్షుడి సంతకంతో పత్రం తెమ్మన్నారు. అది లేకపోతే రావద్దన్నారు.

అత్తిముగం నుంచి పోయే బస్సులో ఎప్పటిలాగే రోజాపూల మూటలు ముందు ఎక్కాయి, మనుషులు తరువాత ఎక్కారు. ఒక మూటను ఒళ్ళో పెట్టుకుని ఆమె బడి దాకా వచ్చింది.

హెడ్మాస్టరు పద్మనాభం ఆమె కోసమే కాచుకుని ఉన్నట్టు వరండాలోనే నిలబడి ఉన్నాడు. చెడ్డవాడు కాదు. గొడవంటే ఆయనకు కడుపులో నొప్పి వస్తుంది, అంతే.

"ఏమమ్మా, ఈ దినం గ్రౌండులో ఆ గొలుసాట వద్దు. చెన్నరాయప్ప మీటింగుకు వస్తాడు. బోర్డు మీద చెప్పి ముగించేయి. నీ కాగితం మీద నేనే దగ్గరుండి సంతకం పెట్టిస్తా."

"నేను కృష్ణగిరికి ట్రైనింగుకు పోయిన వారం మీరే ఆడించినారంట గదా సార్?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆడించినా. కర్ర ఇచ్చి ఆడించినా. పాఠం అయిపోయింది, ఎవురికీ నొప్పి లేదు."

గొలుసాట నాగజ్యోతి పద్ధతి. సమజాత శ్రేణిని పిల్లలే నిలబడి చూపించాలి. కార్బన్‌కు నాలుగు బంధాలు కాబట్టి కార్బన్ అయిన పిల్లకు రెండు చేతులు, రెండు భుజాలు. హైడ్రోజన్‌కు ఒకటే చెయ్యి. ఆక్సిజన్‌కు రెండు చేతులు. మిథనాల్, ఇథనాల్, ప్రొపనాల్ అంటూ ఒక కార్బన్‌నూ రెండు హైడ్రోజన్‌లనూ మధ్యలో చేర్చుకుంటూ పోతే గొలుసు పొడుగవుతుంది. బ్యూటనాల్ దగ్గర ఆగిపోవాలి, ఎందుకంటే ఆ తెలుగు మీడియం తరగతిలో ఆపైకి పిల్లలు లేరు.

శ్రేణి ఎంత పొడుగైనా చివర ఉండే ఓ, హెచ్ మాత్రం మారవు. హెడ్మాస్టరు ఆడించిన వారమంతా తరగతిలో ఆ ఇద్దరు కూడా మారలేదని నిన్న ట్రైనింగు నుంచి వచ్చాక పిల్లలు చెబితే ఆమెకు తెలిసింది. ఓ అంటే ఆక్సిజన్, ప్రతిభ. హెచ్ లోహిత్. ఇద్దరూ ఊరి బయటి కాలనీ పిల్లలు. ప్రతిభ పక్కన నిలబడే కార్బన్ రేణు, చెన్నరాయప్ప కూతురు.

మొదటి పీరియడు ఎప్పటిలాగే ఒక్కొక్క మాటతో మొదలైంది. ఈ దినం మనసు ఎట్లుందో ఎవరికి వారు ఒక్క మాటలో చెప్పాలి, ఎవరూ నవ్వకూడదు, ఎవరూ సలహా ఇవ్వకూడదు. ట్రైనింగులో ఇప్పుడు నేర్పిన దాన్ని ఆమె ఏళ్ళుగా చేస్తూనే ఉంది.

"నిద్ర."

"ఆకలి మిస్."

"కోపం. మా అన్న నా సైకిలు ఎత్తుకుపోయినాడు."

"ఒక్క మాట అన్నాను, కథ అడగలేదు," అంది నాగజ్యోతి. నవ్వకూడదన్న నియమం అక్కడ చెడిపోయింది.

"బాధ," అంది ప్రతిభ. "మీరు పోతా ఉండారు గదా."

రేణు వంతు వచ్చింది. కిటికీ వైపు చూస్తూ "ఏమీ లేదు" అంది.

తరువాత ఉదయ్ కుమార్‌ను బోర్డు దగ్గరకు పిలిచి ఇథనాల్ నిర్మాణం గీయమంది. వాడు తెలివైన పిల్లవాడు. రెండు కార్బన్‌లు పెట్టాడు, మధ్య గీత గీశాడు, హైడ్రోజన్‌లన్నింటికీ గీతలు గీశాడు. రెండో కార్బన్ తరువాత జానెడు ఖాళీ వదిలాడు. అక్కడ ఓ హెచ్ రాసి సుద్దముక్క పెట్టేశాడు. తరగతిలో ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

"సి కి, ఓ కి నడాన గీత యాడప్పా?"

"ఆడ గీత ఉండదు మిస్. కొంచెం ఎడం ఉంటుంది."

"పుస్తకంలో ఉంది గదా."

ఉదయ్ తల గోక్కున్నాడు. "మనం నిలబడినప్పుడు అట్లే ఉండింది గదా మిస్. ఆడ కర్ర ఉండింది."

నాగజ్యోతి కాసేపు ఆ ఖాళీనే చూసింది. పుస్తకంలో గీత ఉంది. చదివినప్పుడు పిల్లలు గీతే చదివారు. నిలబడినప్పుడు మాత్రం కర్ర పొడుగంత దూరం నేర్చుకున్నారు. ఆమె సుద్దముక్క తీసుకుంది. గీయలేదు.

"అందురూ గ్రౌండుకు పదండి," అంది.

ఎండ అప్పుడే గట్టిపడుతోంది. పిల్లలు అలవాటుగా వారి వారి చోట్లలో నిలబడ్డారు. హైడ్రోజన్‌లు భుజాలు పట్టుకున్నాయి. లోహిత్ వెళ్ళి ప్రతిభ ఎడమచెయ్యి పట్టుకున్నాడు. రేణు గోడకు ఆనించి ఉన్న కర్ర తీసుకుంది. పటాలు చూపించడానికి వాడే వెదురు కర్ర అది. రెండో కొసను ప్రతిభ వైపు చాచింది.

నాగజ్యోతి వచ్చి కర్రను మెల్లగా తీసుకుని చంకలో పెట్టుకుంది.

"కర్ర బంధం కాదు. దీనితో ఇథనాల్ కాదు."

ప్రతిభ కుడిచెయ్యి చాచింది. ఆ చేతి మీద రోజాముళ్ళ గీతలు, కొన్ని మానినవి, కొన్ని పొద్దుటివి. రేణు చేతుల మీద కూడా అవే గీతలు. తోట రేణు వాళ్ళది. తెల్లవారకముందే ఇద్దరూ ఒకే సాలులో ఎదురెదురుగా పూలు కోస్తారు.

గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. చెన్నరాయప్ప స్టాండు వేసి, పంచె సర్దుకుని, మైదానంలోకి వచ్చాడు. తెల్లని చొక్కా, మెడలో పచ్చ తువ్వాలు. వెనకనే పద్మనాభం పరుగులాంటి నడకతో వచ్చాడు.

"రేణూ, ఇట్ల రా."

"అన్నా, పాఠం జరుగుతా ఉంది," అంది నాగజ్యోతి. "అయినాక మాట్లాడుదాం."

"ఇదేం పాఠమమ్మా? మా పాప చెయ్యి ఎవురి చేతిలో పెట్టాలో మాకు తెలుసు. చదువు చెప్పమని పెట్టుకున్నాము, సంబంధాలు కలపమని కాదు."

"చదువే చెప్తా ఉండానన్నా. నీ కూతురు ఈ పొద్దు కార్బన్. కార్బన్‌కు ఒక బంధం తక్కువైతే ఆ పదార్థం నిలబడదు."

"కర్ర పట్టుకుంటే పోయె గదా!"

"కర్ర పట్టుకున్నందుకే ఆడ బోర్డు మీద తప్పు వచ్చింది. వచ్చి చూడు."

పద్మనాభం ఆమె పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. "నీ కాగితం ఉందమ్మా, మరిచిపోవద్దు."

"మరిచిపోలేదు సార్." ఆమె గొంతు తగ్గించలేదు. రేణు వైపు తిరిగింది. "నిన్ను నేను బలవంతం చేయను. పొద్దున ఏమీ లేదు అన్నావు. ఇప్పుడు ఒక్క మాట చెప్పు. మనసు ఎట్లుంది?"

రేణు పెదవి కొరికింది. "భయం."

"సరి. భయం ఉండనీ. ఉన్నా పని చేయొచ్చు."

"దాన్ని వదిలేయండి మిస్," అంది ప్రతిభ. చాచిన చెయ్యి మాత్రం దించలేదు. "జాలి పడి పట్టుకునేటట్టయితే నాకు వద్దు. ఇథనాల్ కావాలంటే పట్టుకోమనండి."

అటునుంచి లోహిత్ అన్నాడు, "బిరీన తేల్చండి. ఆక్సిజన్ ఒక చెయ్యి చాచుకోని నిలబడితే నాకే నొప్పి పుడతా ఉంది."

ఎవరో కిసుక్కున నవ్వారు. రేణుకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వు పోకముందే, తండ్రి వైపు చూడకుండా, రేణు చెయ్యి చాచి ప్రతిభ చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. ముల్లు తగిలిన చోట నొక్కుకుపోయిందేమో, ప్రతిభ "అబ్బా, మెల్లగా!" అంది.

"ఇథనాల్," అంది నాగజ్యోతి. "ఉదయ్, నువ్వు ఇద్దరు హైడ్రోజన్‌లను తీసుకోని నడాన దూరు. ప్రొపనాల్."

"రేణూ!" అన్నాడు చెన్నరాయప్ప.

"వస్తానప్పా. బ్యూటనాల్ కానీ."

బ్యూటనాల్ అయింది. తరగతి అంతా ఒక్క గొలుసుగా నిలబడింది. నాగజ్యోతి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుస్తూ ఒక్కొక్క బంధాన్నీ చూపుడువేలితో తాకి లెక్కచూసింది. ఎక్కడా ఖాళీ లేదు. ఆ తరువాతే రేణు చెయ్యి వదిలి తండ్రి వెనక వెళ్ళి మోటారుసైకిలు ఎక్కింది. మిగిలిన పిల్లలు తరగతికి వెళ్ళారు. ఉదయ్ ఎవరూ చెప్పకుండానే బోర్డు మీద ఆ గీత గీశాడు.

కూతురిని ఇంట్లో దింపి చెన్నరాయప్ప మీటింగుకు తిరిగి వచ్చాడు. ఆయన ముందు బల్ల మీద ఆమె పత్రం ఉంది. పెన్ను మూత తీసే ఉంది.

"ఒక మాట చెప్పమ్మా, పెట్టేస్తా. కొత్తగా వచ్చే టీచరుకు చెప్పిపో. కర్రతోనే ఆడించమని."

"రేపట్నించి నేనుండను గదన్నా."

"అందుకే చెప్పిపొమ్మంటా ఉండా."

"ఉన్నా చెప్పను. పోతా ఉన్నా చెప్పను."

చెన్నరాయప్ప పెన్నుకు మూత పెట్టాడు. పద్మనాభం కడుపు పట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. నాగజ్యోతి పత్రాన్ని మడిచి బ్యాగులో పెట్టుకుంది. హోసూరు ఉద్యోగం అక్కడే పోయిందని ఆమెకు తెలుసు. రేపటి నుంచి తల్లి పక్కన కూర్చుని కొత్తిమీర కట్టలు కట్టాలి. ఎన్నాళ్ళు కట్టాలో తెలియదు.

మధ్యాహ్నమంతా మిగిలిన పనులు చేసింది. పుస్తకాలు ఇచ్చింది. పరీక్షనాళికలు కడిగి బోర్లించింది. బడి ఊడ్చే చిక్కమ్మ ల్యాబులోకి వచ్చి ముక్కు మూసుకుంది.

"థూ, ఏం కంపమ్మా! కిటికీ తెరవరాదా?"

"తెరిస్తే నిలబడితే గదా చిక్కమ్మా. కొక్కెం అడిగి అడిగి నా నోరు అరిగిపోయింది. ఈ దినం కూడా అడిగినాను."

నాగజ్యోతి చుట్టూ చూసింది. పొద్దున చంకలో పెట్టుకుని తెచ్చిన వెదురు కర్ర మూలన ఉంది. కిటికీ రెక్కను పైకెత్తి, కర్ర ఒక కొసను గట్టుకు, ఇంకొక కొసను రెక్కకు ఆనించింది. సరిగ్గా సరిపోయింది. గాలి లోపలికి వచ్చింది.

తాళంచెవి ఇచ్చేసింది. సన్మానం లేదు, దండ లేదు. బస్సు వచ్చే వేళకు గేటు దగ్గర ప్రతిభ ఒక్కతే నిలబడి ఉంది. చెయ్యి చాచింది. బస్సు కనబడే దాకా నాగజ్యోతి ఆ చెయ్యి పట్టుకునే నిలబడింది. తరువాత ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ బడి గోడ మీద పనిచేసిన టీచర్ల పేర్ల పలక ఒకటి ఉంది. అందులో శాశ్వత టీచర్ల పేర్లే రాస్తారు. నాగజ్యోతి పేరు అందులో ఉండదు. మీరు ఎప్పుడైనా ఆ దారిన పోతే, పలక చూసి తిరిగి రావద్దు. వెనకవైపున్న ల్యాబు దాకా వెళ్ళి, ఆమెను ఒక్కసారి తలచుకోండి. కొక్కెం ఇంకా వేయలేదు. కిటికీ తెరిచే ఉంటుంది, దాని కింద ఆ వెదురు కర్ర.