చెయ్యెత్తినమ్మ స్టేజీ

అంతోనయ్య డబ్బాలో సున్నం కలుపుతూ గోడ మీది అమ్మను చూశాడు. పినపాక దారిలో దవాఖానా ప్రహరీ అది. దుకాణాల బోర్డులు రాసి బతికిన మనిషి, ఫ్లెక్సీలొచ్చాక పని పోగొట్టుకున్నాడు. పోయినేడు ఆ గోడకు టీకాల రాతలు రాయమంటే రాసి, మిగిలిన జాగాలో, చనిపోయిన తన అమ్మ బొమ్మను వేసుకున్నాడు. ఆమెకు ఒక్క ఫొటో కూడా లేదు. ఆకుపచ్చ చీర, నుదుటి మీద చెమట, పైకెత్తిన కుడిచెయ్యి. మిరపచేను గట్టున నిలబడి కొడుకును బువ్వకు పిలిచేది అచ్చం అలాగే.

జనం ఊరుకుంటారా? ఆ చెయ్యి చూసి బస్సు ఆపుతోందన్నారు. తండా ఆడవాళ్లు ఆమె కిందే నిలబడసాగారు. అదివరకు అక్కడ ఆగని బస్సు ఆగింది. ఆ చోటికి చెయ్యెత్తినమ్మ స్టేజీ అని పేరే పడిపోయింది. అంతోనయ్యకు ఒళ్లు మండిపోయింది. కన్నతల్లిని పట్టుకొని కండక్టరును చేస్తారా!

భుజం పట్టేసింది, కుంచె లేవడం లేదు. ఇవాళ్టి బస్సుకే బోనకల్‌లోని కూతురు తబితా ఇంటికి పోతున్నాడు, ఇక అక్కడే. పోయేలోపు ఆ చేతిని చెరిపి, కిందికి దించి, బువ్వగిన్నె పెట్టేస్తే పీడా పోతుంది. అప్పుడైనా అమ్మను అమ్మగా చూస్తారు.

కుంచె ముంచాడో లేదో, దవాఖానాలోంచి నిండు చూలాలైన కోడల్ని పట్టుకొని తండా రుక్మిణి వచ్చింది.

"అన్నా, ఏంది నువ్వు చేసేది? చెయ్యి తీసేస్తే బస్సు ఆగుతదా?"

"ఆమె బస్సు ఆపుతలేదు రుక్మిణీ! మా అమ్మ. నన్ను బువ్వకు పిలుస్తాంది. వేసినోణ్ణి, నాకు తెల్వదా?"

"అవ్, వేసింది నువ్వే, కాదంటలేను. మరి మీ అమ్మ ఉంటే, గీ పిల్లను బస్సెక్కనీకి అడ్డరోడ్డు దాకా ఎండల నడవనిచ్చునా?"

అంతోనయ్య కుంచెను డబ్బాలోనే వదిలేశాడు. దారిన పోయే కూలోళ్లను కేకేసి మరీ నీళ్లు పోసిన మనిషి అమ్మ. ఆ చెయ్యి తనొక్కడి కోసమే ఏనాడు లేచింది గనక?

అంతలో కొత్తగూడెం బస్సు వచ్చింది. ఎవరూ చెయ్యెత్తలేదు. బస్సు సరిగ్గా అమ్మ ముందే ఆగింది.

"జల్దీ ఎక్కుండ్రి! అమ్మ ఆపినంక ఆగక తప్పుతదా?" అన్నాడు డ్రైవరు.

"ఇన్నరా! మా అమ్మనే ఆపింది!" బస్సంతా వినబడేలా అరిచాడు అంతోనయ్య. కళ్లలో నీళ్లు, నోటి నిండా నవ్వు. చూలాలిని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఎక్కినవాళ్లందరికీ గర్వంగా అమ్మను చూపించాడు. సున్నం సంగతే మరిచిపోయాడు.

ఆ ఏడాది క్రిస్మస్‌కు ముందే బోనకల్‌లో, నిద్రలోనే పోయాడు.

కుంచెతో సహా సున్నం గడ్డకట్టిన ఆ డబ్బా మాత్రం గోడ కిందే ఉంది. ఎవరో దాని మీద పలక పరిచారు. నెలలు నిండినవాళ్లు దానిపై కూర్చుని బస్సు కోసం చూస్తారు.